కోట వెనక వైపు

ఆసుపత్రి లక్కీ డ్రాలో నా చీటీ తగిలింది.
రెండు రాత్రులు, ఇద్దరికి,
దొడ్డబళ్ళాపురం దాటాక ద్రాక్షతోటల నడుమ
ఎవరో ఫ్రెంచి దొర కట్టుకున్న కోటలో.
జయనగర్ బిల్లింగు కౌంటరులో పన్నెండేళ్ళుగా
అద్దానికున్న కన్నంలోంచి మనుషుల్ని చూసినదాన్ని,
కిటికీలే నాకు రెండింతలున్న గదిలో
ఎటు చూడాలో తెలియలేదు.

తాళంచెవి అరకిలో తూగుతుంది.
మంచం ఎక్కడానికి ఒక బుల్లి మెట్టు.
మేనేజరు కుర్రాడు కథ చెప్పాడు:
దొర తన భార్య కోసం బురుజు కట్టించాడట,
ఆమె ఓడ ఎక్కిందట, దిగలేదట.
ప్రతి మాట చివరా ఆ 'అట'ని
టిష్యూ కాగితంలా మడిచి పెడుతున్నాడు.

యతిరాజు దిండుకి తల ఆనించగానే
మెజెస్టిక్‌లో కిటికీ సీటు దొరికినవాడిలా
నిద్రపోయాడు.

నాకెక్కడిది?
మా వీధిలో రాత్రంతా
కింద బేకరీ షట్టరు, పైవాళ్ళ మిక్సీ,
మలుపులో లారీ వెనక్కొస్తూ పాడే పాట.
ఆ జోలలన్నీ ఒక్కసారి ఆగిపోయేసరికి
చెవుల్లో టోకెన్లు మొదలయ్యాయి.
నూట నలభై రెండు.
నూట నలభై మూడు, తగ్గించరా మేడమ్.
నూట నలభై నాలుగు. వాళ్ళాయన పోయాడు,
బిల్లు మాత్రం నా చేతిలో ఇంకా వెచ్చగా ఉంది.

అయిదున్నరకి లేచి
శాలువా కప్పుకుని మెట్లు దిగాను.
ముందు తలుపుకి గొలుసు.
వంటింట్లోంచి దారి ఉంటే అటే నడిచాను.

కోట వెనక వైపుకి కోట సంగతే తెలియదు.
పెచ్చులూడిన గోడ, గ్యాస్ సిలిండర్లు,
ఆరేసిన తెల్లటి తువ్వాళ్ళు,
గోనెపట్టా మీద నలుగురాడవాళ్ళు,
మధ్యలో బేసిన్ నిండా నానిన అనపగింజలు.
ఆ వాసన! ఇక్కడ దాన్ని సొగడంటారు.
మంచు తగిలిన కాయకే వస్తుందది, డిసెంబర్‌లోనే.

"నిద్ర పట్టలేదా మా? కూసో."
తెలుగే! గుడిబండ తెలుగు, అంచున కన్నడం కుట్టినది.
పేరు నాగవేణమ్మ.
నేను కూర్చున్నాను.
ఎవరూ లేవమనలేదు, మేడమ్ అనలేదు.

రెండు వేళ్ళ మధ్య గింజ నొక్కితే
తోలు చేతిలో ఉంటుంది, పప్పు ఎగిరి పడుతుంది.
నా మొదటి పప్పు పిల్లి మీద పడింది.
నలుగురూ నవ్వారు, పిల్లి తప్ప.

దొర భార్య కథ అడిగాను.
"యాడి పెండ్లాము? ఆయప్పకి పెండ్లే కాలేదు.
బురుజు ఎక్కేది కాకుల్ని తోలడానికి,
ద్రాక్షల కాడికి రాకుండా.
రాళ్ళు మా గుట్టవే, మోసింది మా జేజి నాయన.
రాత్రి పైన గాలికి తాళలేక
దొర ఈ పొయ్యి పక్కనే పండుకునేవాడంట."
ఆమె 'అంట'లో కూడా సాక్ష్యం లేదు,
కానీ పొయ్యి ఉంది. వెచ్చగా ఉంది.

నొక్కాను. నొక్కాను.
ఎన్ని గింజలో లెక్కపెట్టలేదని
చాలాసేపటికి గుర్తొచ్చింది.
అప్పటికే గోడకి ఆనుకుని ఉన్నాను.

కళ్ళు తెరిస్తే ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది.
పైన ఎవరిదో దుప్పటి,
ఒళ్ళో పిల్లి,
తోట చూపించే జీపు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది.
యతిరాజు గడపలో కాఫీ పట్టుకుని నిలబడి
"కోటంతా వెతికాను" అన్నాడు.
మధ్యాహ్నం అందరం పితికిపప్పు పులుసుతో ముద్ద తిన్నాం.
మెనూలో అది లేదు.

రెండో రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు.
నిద్రపోయాను.

హెబ్బాళ ఫ్లైఓవరు మీద కారు నలభై నిమిషాలు ఆగింది.
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.
సబ్బుతో రెండుసార్లు కడిగినా పోని సొగడు.
సోమవారం కన్నంలోంచి ఒకావిడ
రసీదు అందుకుంటూ ఆగి అడిగింది,
"అవరేకాయ వచ్చేసిందా మార్కెట్టుకి?"
ఆమె టోకెన్ నంబరు
నేను చూసుకోలేదు.